ఆలంపూర్ దారిలో ఇద్దరాడవాళ్ళ కొంగుముడి

మా మనవరాలు హైదరాబాద్‌లో తెల్లవారకముందే లేచి పరుగెత్తడానికి పోతుంది. ఒక్కతే కాదు, పదిహేను ఇరవై మంది ఆడపిల్లలు జట్టుగా. ఒంటరిగా పరుగెత్తితే కుక్కలు వెంటపడతాయట, కుక్కల కంటే ఎక్కువగా మోటారుసైకిళ్ళ మీద పోకిరీలు వెంటపడతారట. జట్టులో ఉంటే ఆ బాధ లేదు, పైగా మాట్లాడుకోవడానికి తోడు. ఇదంతా ఈమధ్య వాళ్ళే కనిపెట్టినట్టు చెబుతుంటే నాకు నవ్వొచ్చింది. "మేమూ పరుగెత్తినవాళ్ళమే పిల్లా, అదీ చీరలతో, ఇద్దరి కొంగులూ కలిపి ముడేసుకుని" అన్నాను. నమ్మలేదు. అందుకే ఆత్మకూరు నుంచి ఆలంపూర్‌కు మేం చేసిన శివరాత్రి ప్రయాణం ఇక్కడ రాస్తున్నాను. ఆ దారిన వెళ్ళాలనుకునే ఆడవాళ్ళకు పనికొచ్చే సంగతులు ఇందులో ఉన్నాయి. నా కుళ్ళుబోతుతనం కూడా ఉంది. అది ఎవరికీ పనికిరాదు కానీ, అది తీసేస్తే ఈ ప్రయాణంలో చెప్పడానికి పెద్దగా ఏమీ మిగలదు.

అరవైల మొదట్లో మాట. నేను ఆత్మకూరులో ఒక నేత కుటుంబానికి చిన్న కోడలిగా వచ్చి మూడేళ్ళయింది. శివరాత్రి దగ్గరపడే నాటికి మా వాడలో మగ్గాలకు ఊపిరి తిరిగేది కాదు. ముందున్నవన్నీ పెళ్ళిళ్ళ రోజులు, అడిగినవాళ్ళకు చీరలు అందించాలి. జాతరకు తీసుకుపొమ్మంటే మగవాళ్ళు మగ్గం గుంటలో నుంచి తల కూడా ఎత్తకుండా "యాడ కుదుర్తది?" అనేవాళ్ళు. అలాగని ఆడమనిషిని ఒంటరిగా పంపరు. దారి పొడుగునా ఈతచెట్లు, వాటి కింద కల్లు తాగి కూర్చున్నవాళ్ళు, వాళ్ళ కూతలు. అందుకని మా వాడ ఆడవాళ్ళు ఏటా డజను మందికి తగ్గకుండా జట్టు కట్టి బయలుదేరేవాళ్ళు. ఆ జట్టుకు పెద్ద ఈరమ్మవ్వ. అరవై దాటిన మనిషి, మొగుడు పోయి చాలా కాలమైంది, చేతిలో ఒక వెదురుకర్ర. ఆమె కర్ర ఎత్తితే తాగినవాడి మత్తు కూడా దిగేది.

ఈరమ్మవ్వ జట్టుకు కట్టుబాట్లు గట్టివి. ప్రతి మనిషికీ ఒక జోడి ఉండాలి, దారంతా ఆ జోడి పక్కనే నడవాలి. నడక సాగని వాళ్ళు ముందు నడవాలి, కాళ్ళలో సత్తువ ఉన్నవాళ్ళు వెనక ఉండాలి, అప్పుడు ఎవరూ వెనకబడిపోరు. నదిలో దిగేటప్పుడు జోడీలు కొంగులు కలిపి ముడేసుకోవాలి, గుడి గుంపులో నుంచి బయటపడేదాకా విప్పకూడదు. "నీ జోడి తప్పిపోతే నువ్వే జవాబు చెప్పాలె. నన్ను అడగొద్దు" అనేది. అంతకుముందు రెండేళ్ళూ నా జోడి మా యారాలు మణెమ్మ, అంటే మా బావగారి భార్య. పుట్టింట్లో నాకు అక్కచెల్లెళ్ళు లేరు. కాపురానికి వచ్చిన మొదటి వారం, రాట్నం మీద నూలు కండెలకు చుట్టడం రాక నా వేళ్ళు కోసుకుపోతే నూనె రాసిందీ ఆమే, అత్తగారి ముందు నా వంతు కూడా తనే చుట్టి పెట్టిందీ ఆమే. ఆ ఇంట్లో నాకున్న మనిషి ఆమె ఒక్కతే. ఏడాదంతా రాట్నం ముందు కూర్చున్నా, ఎవరూ పిలవకుండా మేమిద్దరం పక్కపక్కన మాట్లాడుకుంటూ ఉండే రోజులు ఆ జాతర రోజులే. నేను ఎదురుచూసేది శివుడి కోసం అంటే అబద్ధమవుతుంది.

ఆ ఏడు దసరా తర్వాత మా వాడకు శేషమ్మ అని ఒకామె వచ్చింది. వాళ్ళాయన షోలాపూర్ మిల్లులో పని చేసి, దగ్గు పట్టుకుని, ఉన్న ఊరు నయమని తిరిగొచ్చాడు, పక్కవీధిలో ఒకరి మగ్గం మీద కూలికి నేసేవాడు. శేషమ్మ నా ఈడుది. పొడుగ్గా, చురుగ్గా, నవ్వితే నాలుగిళ్ళకు వినపడేది. వచ్చిన నెలకే మా మణెమ్మక్క ఆమెతో గుసగుసలు మొదలుపెట్టింది. నీళ్ళకు పోతే ఆమెతోనే, పిడకలకు పోతే ఆమెతోనే. నేను దగ్గరికి పోతే మాట మార్చేవాళ్ళు. పైగా శేషమ్మ ఆమెను "అక్కా" అని పిలిచేది. మణెమ్మను అక్కా అని పిలిచేదాన్ని నేనొక్కదాన్నే అని అప్పటిదాకా నా ధీమా. ఒళ్ళు మండిపోయేది. శేషమ్మ మా ఇంటికి చల్ల అడగడానికొస్తే పైన తేట ఒంచి ఇచ్చేదాన్ని.

బయలుదేరే రోజు కోడి కూయకముందే అందరం వాడ చివర చేరాం. నేను రొట్టెల మూట, చెంబు పట్టుకుని నేరుగా మణెమ్మక్క పక్కకు వెళ్ళి నిలబడబోయాను. ఆ పక్కన అప్పటికే శేషమ్మ ఉంది.

"పద్మా, నేను ఈసారి శేషమ్మతోని నడుస్తనే. నువ్వు అవ్వతోని నడువు. పెద్దమనిషికి తోడుండాలె గద" అంది మా అక్క, నా కళ్ళలోకి చూడకుండా.

"అవ్వకు తోడెందుకు, కర్ర ఉన్నది గద" అన్నాను. అందరూ నవ్వారు, ఈరమ్మవ్వ తప్ప. "నడువు" అని కర్రతో దారి చూపించింది. అలా ఆ ప్రయాణంలో నేను జట్టుకు ఆఖరున, ముసలామె పక్కన, ముందు నడిచే రెండు వీపులను చూస్తూ నడిచాను. వాళ్ళ తలలు మాటిమాటికీ దగ్గరికి చేరేవి. ఏం మాట్లాడుకుంటున్నారో వినాలని నడక పెంచితే అవ్వ నా కొంగు పట్టి వెనక్కి లాగేది. "యాడికే? మనం ఆఖరోళ్ళం."

నిజానికి వనపర్తి రోడ్డు స్టేషనులో రైలెక్కితే నేరుగా వెళ్ళిపోవచ్చు. మీరు వెళితే అలాగే వెళ్ళండి, లేదా జూరాల ఆనకట్ట మీది రోడ్డున బస్సులోనో ఆటోలోనో గద్వాల చేరుకుని అక్కడ రైలెక్కండి. అప్పుడు ఆనకట్ట లేదు. కృష్ణను మన కాళ్ళతో పోయి దాటాలని, ఆ నీళ్ళు చెంబులో పట్టి తుంగభద్రలో పోయాలని ఈరమ్మవ్వ పట్టు. గద్వాలలో ఆమె కూతురి ఇల్లుండటం కూడా ఆ భక్తికి కొంత కారణమని నా అనుమానం. ఎండ ముదరకముందే ఏటి ఒడ్డుకు చేరాం. సగం దాకా ఇసుక, రాళ్ళు. ఆవలి పాయ లోతు, దానికి పుట్టి ఎక్కాలి. పుట్టి అంటే తోలు కప్పిన పెద్ద గుండ్రటి బుట్ట, నీళ్ళలో తిరుగుతూ పోతుంది, మొదటిసారి ఎక్కినవాళ్ళకు కడుపులో తిప్పుతుంది. "అమ్మా, ఒక్కసారికి ఆరుగురే. జోడీలు జోడీలుగ కూసోండ్రి, గట్ల లేసి నిలబడొద్దు" అన్నాడు పుట్టి నడిపేవాడు. ఆరుగురిలో మణెమ్మక్క, శేషమ్మ పోయారు. నేను ఇవతలి ఒడ్డున అవ్వతో మిగిలిపోయి, శేషమ్మ భయపడినట్టు నటిస్తూ మా అక్క చెయ్యి పట్టుకోవడం చూశాను. నటనే అది. షోలాపూర్ చూసొచ్చిన మనిషికి పుట్టి అంటే భయమా?

ఆవలి ఒడ్డు దాటాక తుమ్మచెట్లు. మాటల్లో పడి కింద చూసుకోలేదు మా అక్క, అరికాలిలో ముల్లు దిగింది. నేను పరుగెత్తి చేరేలోపే శేషమ్మ ఆమె పాదం ఒళ్ళో పెట్టుకుని పంటితో ముల్లు లాగుతోంది. లాగింది కానీ మొన లోపలే విరిగింది. నాకొక పక్క జాలి, ఇంకో పక్క 'మంచిగైంది, నాతో నడిచి ఉంటే నేను కింద చూసి చెప్పేదాన్ని కదా' అని లోలోపల. పొద్దు వాలేవేళకు గద్వాల చేరేసరికి పాదం వాచిపోయింది. ఈరమ్మవ్వ కూతురు తులసమ్మ మాకోసం జొన్నరొట్టెలు, పుంటికూర, అంటే గోంగూర, చేసి పెట్టింది. మీరు గద్వాలలో ఆగితే చీరలు చూడటం ఎలాగూ తప్పదు, ఎవరింట్లోనైనా ఆ రొట్టె కూడా అడిగి తినండి, హోటల్లో ఆ రుచి రాదు. తులసమ్మ మా అక్క అరికాలికి జిల్లేడు పాలు పెట్టి, "రెండు దినాలు కాలు కింద పెట్టకు. ముల్లు దానంతటదే పైకొస్తది" అంది.

తెల్లారితే శివరాత్రి. "నేను అక్క దగ్గర్నే ఉంట" అన్నాను వెంటనే. నాకు అంతకంటే కావలసిందేముంది? జట్టంతా, శేషమ్మతో సహా, ఆలంపూర్ పోతుంది; ఇంట్లో నేనూ మా అక్కా.

"వద్దు. నువ్వుంటే శేషమ్మకు జోడి ఎవలు? అవ్వ కర్ర పట్టుకోని అందర్ని చూసుకోవాలె, నీళ్ళల ఎవలతోని ముడేసుకోదు. జోడి లేందే అవ్వ తోలుకపోదు. ఆమెకు మొగని పాణం గురించి మొక్కున్నది, పోవాలె" అంది మణెమ్మక్క.

ఆమెకు శేషమ్మ మొక్కు గుర్తుంది, నేను గుర్తు లేను. అంతటితో ఆగిందా? తన మూట విప్పి, జాతర కోసం దాచుకున్న చీర తీసింది. మిరపపండు రంగు, గుమ్మడిపువ్వు రంగు అంచు, మా బావగారు తన చేత్తో నేసింది. ఆ చీరను నేను ఎన్నిసార్లు తడిమి చూశానో ఆమెకు తెలుసు. దాన్ని తీసుకెళ్ళి శేషమ్మ చేతిలో పెట్టింది. "మంచి చీర లేదన్నవ్ గద. నేను రాకుంటే నా చీరనన్న రానియ్యి" అంది. శేషమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకూ కళ్ళనీళ్ళు వచ్చాయి, కారణం వేరు.

పొద్దుటి రైలుకు గద్వాల నుంచి ఆలంపూర్ రోడ్డు స్టేషను దాకా టికెట్టు రూపాయి లోపే ఉండేది. కిక్కిరిసిన పెట్టెలో నేను, శేషమ్మ ఒకరి భుజం ఒకరికి తగులుతూ కూర్చున్నాం. ఆమె అందరితో ఎకసెక్కాలాడింది, నేను కిటికీలో నుంచి వేరుశనగ చేలు చూశాను. "వదినె, గెనుసుగడ్డ తింటవా?" అని ఒకసారి అడిగింది. ఉపవాసం రోజు తినదగింది అదే, ఆకలిగా కూడా ఉంది. వద్దన్నాను. స్టేషనులో దిగాక ఊళ్ళోకి రెండు కోసుల పైనే నడక. జాతర రోజు ఎద్దుబండ్లు ఉంటాయి కానీ కిరాయి నోటికొచ్చినంత చెబుతారు. ఇప్పుడు ఆటోవాళ్ళూ అంతే, ఎక్కకముందే మాట్లాడుకోండి. నడిచేవాళ్ళు మాత్రం ఎండ ముదరకముందే నడవాలి, ఆ దారిలో ఈతచెట్లే తప్ప నీడనిచ్చే చెట్టు దొరకదు.

తుంగభద్ర మెట్ల దగ్గర జనం చీమల్లా ఉన్నారు. ఈరమ్మవ్వ కర్ర ఎత్తి, "కొంగులు ముడేసుకోండ్రి" అని కేక పెట్టింది. నేను నా కొంగు చివర తీసి, శేషమ్మ కట్టుకున్న మా అక్క చీర కొంగుకు ముడేశాను. నా ఒంటి మీద ఉన్నది మా ఆయన నేసిన ఆకుపచ్చ చీర. నాకు తెలిసిన ముడి ఒకటే, తెగిన పోగును అతికేటప్పుడు వేసేది. లాగేకొద్దీ బిగుస్తుంది తప్ప జారదు. శేషమ్మ దాన్ని లాగి చూసి, నా ముడి మీద నమ్మకం లేనట్టు, దానిపైన తనూ ఒకటి వేసింది. అదీ నేతవాళ్ళ ముడే. నాకు రోషం వచ్చి మూడోది వేశాను. ఆమె నాలుగోది. ఇద్దరం పళ్ళు బిగించి లాగాం. అలాగే నీళ్ళలో దిగి మూడు మునకలు వేశాం, చెంబులో కృష్ణ నీళ్ళు తుంగభద్రలో పోశాం, తడి చీరలతో గుంపులో పడి బాలబ్రహ్మ గుడిలోకి నెట్టుకుంటూ పోయాం. ఆ రోజుల్లో జోగులాంబ అమ్మవారు కూడా ఆ గుడిలోనే ఒక పక్కన ఉండేది, వేరే గుడి చాలా కాలం తర్వాత కట్టారు. గుంపు ఎటు తోస్తే అటు, ఆమె ఒక పక్క, నేను ఒక పక్క, మధ్యలో ముడి. అమ్మవారి ముందు శేషమ్మ కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతుంటే, నేను మాత్రం 'తల్లీ, మా అక్కను నాకు తిరిగి ఇప్పించు' అని మొక్కుకున్నాను. నా పక్కనున్న మనిషి పేరు కూడా చెప్పాను, పొరపాటు జరక్కుండా.

బయటికొచ్చి ముడి విప్పబోతే రాలేదు. తడికి ఉబ్బి, లాగుళ్ళకు బిగిసి, రాయిలా తయారైంది. గోళ్ళు విరిగాయి. గాజులమ్మే ఆమె సూది ఇచ్చింది, సూది వంగింది. కొబ్బరికాయలమ్మే అతను కత్తి తీసి, "ఇట్ల తెండ్రి, ఒక్క దెబ్బ. కొంగు చివర జానెడు పోతది, అంతే గద" అన్నాడు.

ఇద్దరం ఒకేసారి వెనక్కి గెంతాం. నేతవాళ్ళ ఇళ్ళలో ఒక పట్టింపు ఉంది. మగ్గం మీద నుంచి దించేటప్పుడు తప్ప చీరకు కత్తి తగలనివ్వం. ఒంటి మీదున్న చీరను కోస్తే దాన్ని నేసినవాడి ఆయుష్షు కోసినట్టే. నా వైపు కోస్తే మా ఆయన, ఆమె వైపు కోస్తే మా బావగారు. ఆ మాట బయటివాళ్ళకు చెప్పినా అర్థం కాదు.

"అక్క నమ్మి ఇచ్చిన చీర. దీనికి కత్తి తగిలితే నేను ఏ మొఖం పెట్టుకోని గద్వాలకు పోవాలె?" అంది శేషమ్మ. ఆమె మొహం నిజంగానే పాలిపోయింది.

ఈరమ్మవ్వ మా ఇద్దరినీ ఎగాదిగా చూసింది. "ఆరినాక వదులైతది. రైలు మాత్రం ఆగదు. నడక సాగనోళ్ళు ముందట నడువుండ్రి." అంటే మేమే. వాడలో అందరికంటే ఒడుపుగా నడిచే ఇద్దరం ఆ రోజు జట్టుకు ముందు, నడవలేనివాళ్ళ జాగాలో. ఆమె అంగలు పెద్దవి, నావి చిన్నవి. రెండడుగులకొకసారి కొంగు లాగుకుని తూలడం, వెనకున్నవాళ్ళు వచ్చి మీద పడటం. మేం ఎంత నడిస్తే అంతే అందరి నడక, మేం ఆలస్యమైతే అందరికీ రైలు పోతుంది. అదే ఆఖరి రైలు. జాతర తాగుబోతుల మధ్య స్టేషనులో రాత్రి గడపడం కంటే ఏదైనా నయం. ఆ రాత్రి జాగారం గద్వాలలో తులసమ్మ ఇంట్లో అనుకున్నాం. ఎదురుగా వస్తున్న బండివాడొకడు మమ్మల్ని చూసి, "ఏమమ్మా, ఇద్దరాడోళ్ళకు పెండ్లయిందా?" అన్నాడు. "అయింది గని ఊరేగింపుకు బండి దొరకలే. దిగుతవా నువ్వు?" అంది శేషమ్మ. జట్టంతా పకపకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది.

ఇక ఆగలేకపోయాను. "మా అక్కకు ఏం మందు పెట్టినవే? దసరా కాడ్నుంచి చూస్తున్న. నన్ను చూస్తె మాట మారుస్తరు. జోడి తీసుకున్నవ్, చీర తీసుకున్నవ్, ఇంకేం కావాలె నీకు?" అని బరబరా కడిగేశాను.

శేషమ్మ నడక ఆపకుండానే మెల్లగా అంది, "వదినె, ఆమె నాతోని మాట్లాడేది ఒక్కటే ముచ్చట. షోలాపూర్ల ఇండ్ల కిరాయి ఎట్లుంటది, నీళ్ళు యాడికెల్లి తేవాలె, ఆ భాష ఎన్నొద్దులకు వస్తది. ఉగాది ఎల్లినంక వాళ్ళు షోలాపూర్ పోతున్నరు. మీ బావకు మిల్లుల పని కుదిరింది. జాతర అయిందాక నీకు చెప్పొద్దని ఇంట్ల అందరితోని ఒట్టేయించుకుంది. నీ మొఖం చూసుకుంట నడిస్తె నోరు జారుతదని నాతోని నడిచింది."

కాళ్ళు ఆగిపోయాయి. కొంగు లాగి శేషమ్మ నా మీద పడబోయింది. వెనక నుంచి ఈరమ్మవ్వ, "ఏమైందే, ఆగిండ్రు?" అని అరిచింది. ఇన్ని నెలలు ఎవరి మీద కుళ్ళుకున్నానో ఆ మనిషి నా అక్కను తీసుకుపోవడం లేదు. తీసుకుపోయేది ఒక ఊరు. ఊరితో ఎలా పోట్లాడాలి? అదే క్షణంలో కర్నూలు వైపు నుంచి ఆకాశంలో పొగ కనిపించింది, కూత వినిపించింది. స్టేషను ఇంకా మైలు పైనే ఉంది.

"వదినె, ఏడుపు రైల్ల ఏడ్సుకుందువు. ఇప్పుడైతె ఉరుకు" అంది శేషమ్మ.

పరుగెత్తాం. మొదట పది అడుగుల్లోనే ఇద్దరం పడబోయాం. అప్పుడు శేషమ్మ నోటితో మగ్గం చప్పుడు మొదలుపెట్టింది, "టక్కు టకా, టక్కు టకా" అని. పుట్టినప్పటి నుంచి ఇద్దరం వింటున్న చప్పుడు అది, కాళ్ళు వాటంతటవే దానికి పడ్డాయి. ఆమె అంగ తగ్గించింది, నేను పెంచాను. మా వెనక జట్టంతా చీరలు పైకి దోపుకుని, చెంబులు గలగలలాడుతుంటే అదే పాట అందుకుంది, ఆఖరున కర్ర ఊపుతూ ఈరమ్మవ్వ. దారిపక్క ఈతచెట్ల కింద తాగి కూర్చున్నవాళ్ళు లేచి నిలబడి చూశారు, ఒక్కడి నోట ఒక్క కూత రాలేదు. అంతమంది ఆడవాళ్ళు ఒక్కటిగా ఉరికొస్తే ఎవడికి నోరొస్తుంది? నేను ఏడుస్తూనే పరుగెత్తాను, ఆ దుమ్ములో ఎవరికీ తెలియలేదు. జెండా ఊపబోతున్న గార్డు మమ్మల్ని చూసి జెండా దించి, "కానియ్యండమ్మా, కానియ్యండి" అన్నాడు.

గద్వాలలో దిగేసరికి చీకటి పడుతోంది. మణెమ్మక్క తులసమ్మ భుజం పట్టుకుని, కుంటుకుంటూ స్టేషనుకే వచ్చింది. మేమిద్దరం ఇంకా ముడితోనే, అలవాటైన అడుగులతో, ఒకే గెనుసుగడ్డ చెరి సగం కొరుకుతూ దిగాం. రైల్లో శేషమ్మ మిగిలిన గడ్డ సగం విరిచి ఇస్తే ఈసారి కాదనలేదు. మా అక్క మొదట నన్ను చూసింది, తర్వాత శేషమ్మను, తర్వాత ముడిని. మొహం ముడుచుకుపోయింది.

"గింత సోపతి ఎప్పుడైంది?" అంది.

"నువ్వు చెప్పని ముచ్చట ఈమె చెప్పిన కాడ్నుంచి" అన్నాను.

మా అక్క ప్లాట్‌ఫారం మీదే కూలబడింది. "మీకేమే, మీరిద్దరు ఈడ్నే ఉంటరు. ఇప్పట్నుంచే కొంగులు ముడేసుకున్నరు. నేను ఆ షోలాపూర్ల ఎవల కొంగు పట్టుకోవాలె?" అని భోరుమంది. నిజం చెబుతున్నాను, ఆమె ఏడుపు చూసి నాకు గుండె తరుక్కుపోవాలి, పోయింది కూడా. కానీ దానికంటే ముందు, మా అక్క నా గురించి కుళ్ళుకుంటోందని తెలిసి నా లోపల ఒక పండగ జరిగింది. ఆమె మా కొంగులు ఒళ్ళోకి లాక్కుని, గోళ్ళతో, పళ్ళతో ఆ ముడి మీద పడింది. ఎవరూ విప్పలేని నాలుగు ముళ్ళూ విప్పేదాకా ఆ ప్లాట్‌ఫారం మీద నుంచి లేవలేదు.

మర్నాడు మా అక్క కాలు నేల మోపగలిగింది, నడక సాగని మనిషిగా అందరికంటే ముందు నడిచింది. పక్కన నేను. కృష్ణ ఒడ్డుకు చేరగానే, ఎవరూ ఏమీ అనకముందే ఆమె తన కొంగు తీసి నా కొంగుకు ముడేసింది. పుట్టి ఎక్కడానికి ముడి అవసరమే లేదు. ఈరమ్మవ్వ చూసీ చూడనట్టు ఊరుకుంది. శేషమ్మ కొంచెం దూరంగా, నలిగిపోయిన తన కొంగు చివర వేళ్ళతో సాపు చేసుకుంటూ నిలబడింది. మా అక్క ఆమె వైపు తిరిగి నోరు తెరవబోతోంది. నాకు తెలుసు, అక్క పిలిస్తే మళ్ళీ నా కడుపు మండుతుంది. అందుకని ఆమె కంటే ముందు నేనే పిలిచాను. "శేషమ్మా, రాయే. ఈడ జాగా ఉన్నది."

"మూడు కొంగుల ముడి నేనెన్నడు చూడలే" అంది ఈరమ్మవ్వ.

"ఇప్పుడు చూడు" అన్నాను.

ఉగాది వెళ్ళాక మణెమ్మక్క షోలాపూర్ వెళ్ళిపోయింది. తర్వాత చాలా ఏళ్ళు నా జోడి శేషమ్మే. ఈరమ్మవ్వ నడవలేకపోయినప్పుడు ఆ కర్ర శేషమ్మ చేతికొచ్చింది, నాకు రానందుకు కొన్నాళ్ళు ఆమెతో మాట్లాడలేదు. మా అక్క ఊరికొచ్చినప్పుడల్లా అక్కడి పక్కింటామె ఎంత మంచిదో, పొద్దున్నే ఇద్దరూ కలిసి మిల్లు దాకా ఎలా నడుస్తారో చెప్పేది, నేను లేచి వంటింట్లోకి పోయేదాన్ని. మా అక్కా, శేషమ్మా ఇద్దరూ పోయారు ఇప్పుడు. షోలాపూర్ దుప్పటి మాత్రం ఈనాటికీ మా ఇంటి గడప తొక్కలేదు. మా మనవరాలి పరుగు జట్టులో కూడా ఎవరి పక్కన ఎవరు పరుగెత్తాలనే దగ్గర అలకలు ఉంటాయట. ఉంటాయి మరి. తోడు అవసరమైన చోటే తోడు కోసం కొట్లాట. భయానికి జట్టులో చేరతాం, ఆ తర్వాత భయం సంగతి మరిచిపోయి, పక్కనున్న మనిషి పక్కనే ఉండాలని చూస్తాం.

శివరాత్రికి ఆలంపూర్ వెళ్ళే ఆడవాళ్ళకు ఒక్క మాట. గుంపులో తప్పిపోకుండా జోడీగా కొంగులు ముడేసుకోవడం ఇప్పటికీ మంచి పద్ధతే, ఫోన్లు అక్కడ సరిగ్గా పలకవు. కానీ నీళ్ళలో దిగేముందు జారుముడి వేసుకోండి, ఒక కొస లాగితే వచ్చేస్తుంది, పైకొచ్చాక హాయిగా ఎవరి దారిన వాళ్ళు పోవచ్చు. ఎలా వేయాలో మాత్రం నన్ను అడగకండి, ఆ ముడి నాకు ఇప్పటికీ రాదు.